అరువు లాప్‌టాప్‌ని ఇంటి ఇంటర్నెట్‌కి కలపడం ఎలా?

పదేళ్ళుగా సాఫ్ట్‌వేరు రాసి బతుకుతున్నవాడు ఇంట్లో వైఫై కలపలేక రాత్రి రెండింటిదాకా కూర్చున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఆ కూర్చున్నవాణ్ణి నేనే. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మేము డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. ఆ వారం మా కంపెనీలో లేఆఫ్ జరిగింది. ఉదయం పదింటికి మీటింగు. పదీ పదిహేనుకల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. దాన్ని తిప్పి పంపడానికి సాయంత్రానికల్లా షిప్పింగ్ లేబుల్ వచ్చేసింది. అప్పుడు గాని తెలిసిరాలేదు, మా ఇంట్లో మాదంటూ ఒక కంప్యూటరే లేదని! ఇన్నేళ్ళూ ఆఫీసు లాప్‌టాపే మన సొంతం అన్నట్టు బతికాం. మా అబ్బాయి టాబ్లెట్ ఒకటుంది గానీ, దాని మీద కోడింగ్ ఇంటర్వ్యూ ఇవ్వలేం కదా.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఐ-94 గడువు అంతకన్నా ముందే ముగిస్తే అంతవరకే. అందులో ప్రతిరోజూ లెక్కే. నాలుగో రోజున ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది, మర్నాడు ఉదయం పదింటికే వీడియో ఇంటర్వ్యూ అని. జీతం ఆగిన వారంలో కొత్త లాప్‌టాప్ కొనడానికి చెయ్యి రాలేదు. అరువు తెచ్చుకున్నాను.

ఆ రాత్రి నాలుగు గంటలు పట్టిన పని, వరస తెలిస్తే ఇరవై నిమిషాల్లో అయిపోయేది. ఆ వరస ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడో ఒకప్పుడు మీకో, మీ పక్కింటివాళ్ళకో పనికొస్తుందని.

ఎవరి లాప్‌టాప్ అడగాలి, ఎవరిది అడగకూడదు

సంగతి తెలియగానే ఒక స్నేహితుడు ఫోన్ చేసి, "నా ఆఫీసు లాప్‌టాప్ తీసుకెళ్ళు, శనాదివారాలు నాకెలాగూ పనిలేదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను వద్దన్నాను. వాడూ హెచ్‌1బీ మీదే ఉన్నాడు. కంపెనీ యంత్రాన్ని బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదని దాదాపు అన్ని కంపెనీల నియమాల్లోనూ ఉంటుంది. ఏ నెట్‌వర్క్‌కి కలిసింది, ఏ సాఫ్ట్‌వేరు నడిచింది అన్నది చాలా కంపెనీలకి తెలిసిపోతుంది కూడా. నా ఉద్యోగం కోసం వాడి ఉద్యోగం మీదకి తేవడం న్యాయం కాదు. కాబట్టి మొదటి నియమం: ఎంత దగ్గరి స్నేహితుడిదైనా సరే, ఆఫీసు లాప్‌టాప్ అడగొద్దు. ఇస్తానన్నా తీసుకోవద్దు.

చివరికి పక్క వీధిలో ఉండే ఒక అన్నయ్య అలమరలోంచి పాత లాప్‌టాప్ తీసి ఇచ్చారు. ఒకప్పుడు వాళ్ళ బావమరిది దుకాణంలో లెక్కలు రాయడానికి వాడిన యంత్రం. మూడేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు.

తెచ్చుకునేటప్పుడు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి. నేను ఒక్కటీ అడగలేదు.

ఒకటి, చార్జర్ ఉందా, పనిచేస్తోందా? పాత బాటరీ పది నిమిషాలు కూడా నిలవకపోవచ్చు.

రెండు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? నెట్‌వర్క్ సెట్టింగులు మార్చాలంటే చాలాచోట్ల అది అడుగుతుంది. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి అడగడం బాగుండదు.

మూడు, ఇంతకుముందు దాన్ని ఎక్కడ వాడారు? ఇంట్లోనా, ఆఫీసులోనా, దుకాణంలోనా? ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో కిందకి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

నాలుగు, అందులో ఏ విండోస్ ఉంది? విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాతదైనంత మాత్రాన ఇంటర్నెట్‌కి కలవకుండా పోదు గానీ, దాంట్లో బాంకు పనులు చెయ్యకపోవడం మంచిది.

వీలైతే లాప్‌టాప్ ఇచ్చేవాళ్ళ చేతే మీ కోసం ఒక కొత్త యూజర్ అకౌంట్ తెరిపించుకోండి. అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని మామూలు అకౌంట్ చాలు. వాళ్ళ ఫోటోలు, టాక్సు కాగితాలు మీ కంటపడవు. మీవి వాళ్ళ కంటపడవు.

ముందు దారి తెలుసుకుందాం

ఇంటర్నెట్ లాప్‌టాప్ దాకా రావాలంటే కొన్ని అంచెలు దాటాలి. బయట నుంచి వచ్చే కేబుల్ లేదా ఫైబర్ ముందు మోడెమ్‌లోకి వస్తుంది (ఫైబర్ అయితే ఆ పెట్టెకి వేరే పేరుంటుంది, పని అదే). అక్కడి నుంచి రూటర్‌కి. రూటర్ నుంచి గాలిలోనో తీగలోనో లాప్‌టాప్‌కి. చాలా ఇళ్ళల్లో మోడెమ్, రూటర్ రెండూ కలిసి ఒకే పెట్టెలో ఉంటాయి. దాన్నే గేట్‌వే అంటారు.

ఇంట్లో ఉన్న ప్రతి పరికరానికీ రూటర్ ఒక నంబరు ఇస్తుంది. అదే ఐపీ అడ్రసు. ఇళ్ళల్లో ఇది ఎక్కువగా 192.168 తోనో, 10 తోనో మొదలవుతుంది. ఈ నంబర్లు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. మనం వాడే సైటు పేరుని దాని అసలు నంబరుగా మార్చిపెట్టే పని డీఎన్‌ఎస్‌ది. ఈ రెండు మాటలూ గుర్తుంటే చాలు, సగం పని అయినట్టే.

ఇందులో ఏ అంచె తెగినా మన కంటికి కనిపించేది ఒకటే, పేజీ తెరుచుకోదు. అందుకే కనిపించిన బటనల్లా నొక్కకుండా, ఒక వరసలో చూసుకుంటూ వెళ్ళాలి.

మొదటి మెట్టు: తప్పు ఇంటిదా, లాప్‌టాప్‌దా?

ముందు మీ ఫోను తీసి అదే వైఫైలో ఏదైనా పేజీ తెరవండి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫోన్లో మొబైల్ డేటా ఆపరు. వైఫై పనిచెయ్యకపోయినా ఫోను గుట్టుచప్పుడు కాకుండా మొబైల్ డేటా మీదికి వెళ్ళిపోతుంది, మనం "ఇంట్లో నెట్ బాగానే ఉంది" అనుకుంటాం. కాబట్టి డేటా ఆపేసి పరీక్షించండి.

ఫోన్లోనూ రాకపోతే లాప్‌టాప్‌ని వదిలెయ్యండి, తప్పు ఇంటి కనెక్షన్‌ది. మోడెమ్, రూటర్ రెండింటి ప్లగ్గులూ పీకి, అర నిమిషం ఆగి, ముందు మోడెమ్ పెట్టండి. దాని దీపాలు నిలకడగా వెలిగాక రూటర్ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యడమే.

ఫోన్లో వస్తుంటే తప్పు లాప్‌టాప్‌లోనో, లాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యనో ఉంది. రూటర్‌ని ముట్టుకోకండి. నేను ఆ రాత్రి కంగారులో రూటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో పొడవబోయాను. మా ఆవిడ ఆపింది. అది నొక్కితే రూటర్ ఫాక్టరీ నుంచి వచ్చినట్టు అయిపోతుంది, ఇంట్లో టీవీ, ఫోన్లు, కెమెరాలు అన్నీ మళ్ళీ మొదటి నుంచి కలపాలి.

రెండో మెట్టు: మన వైఫై పేరు కనిపించకపోతే

అసలు ఏ పేర్లూ కనిపించకపోతే లాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ అయి ఉండొచ్చు. ఏరోప్లేన్ మోడ్ చూడండి. చాలా పాత లాప్‌టాప్‌లకి పక్కనో ముందో వైఫై స్విచ్ ఒకటి ఉండేది. కొన్నింటికి పై వరసలోని ఫంక్షన్ కీలలో ఒకదాని మీద యాంటెన్నా బొమ్మ ఉంటుంది.

పక్కింటివాళ్ళ పేర్లు కనిపించి, మనది మాత్రం కనిపించకపోతే కారణం వేరు. వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్ అనే రెండు బాండ్లలో నడుస్తుంది. అమెరికాలో 2020 నుంచి 6 గిగాహెర్ట్‌జ్ కూడా అనుమతించారు. పాత లాప్‌టాప్‌లు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. మీ రూటర్లో 5 మాత్రమే ఆన్‌లో ఉంటే వాటికి ఆ పేరు కనపడదు. రూటర్ ఆప్‌లోకి వెళ్ళి 2.4 ని కూడా ఆన్ చేస్తే సరిపోతుంది. 2.4 వేగం తక్కువే గానీ గోడలు దాటి ఎక్కువ దూరం వస్తుంది.

మూడో మెట్టు: పేరు కనిపిస్తుంది, కలవనంటుంది

ముందు పాస్‌వర్డ్ సరిచూడండి. రూటర్ మీద అంటించిన కాగితంలో సున్నా ఏదో, "ఓ" అక్షరం ఏదో తెలియదు. అంకె ఒకటికీ, చిన్న "ఎల్"కీ తేడా తెలియదు. కాపిటల్ అక్షరాలు కూడా చూసుకోండి.

పాస్‌వర్డ్ సరైనదే అయినా "ఈ నెట్‌వర్క్‌కి కలవడం సాధ్యం కాదు" అంటోందా? నాకు తగిలిన మొదటి ముడి ఇదే. ఏడాది క్రితం కొత్త రూటర్ కొన్నప్పుడు భద్రత బాగుంటుందని నేనే దాన్ని డబ్ల్యూపీఏ3కి మార్చి పెట్టాను. ఈ పద్ధతి 2018లో వచ్చింది. 2004 నాటి డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలిసిన పాత వైఫై కార్డులకి డబ్ల్యూపీఏ3 భాష అర్థం కాదు. రూటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి నడిచే పద్ధతి ఒకటుంటుంది. దానికి మార్చగానే కలిసింది. అంతేగాని, కలవడం లేదని విసిగిపోయి పాస్‌వర్డే తీసేసి వైఫైని బార్లా తెరవకండి. ఎప్పుడో లోకువైపోయిన డబ్ల్యూఈపీకి కూడా దిగకండి.

నాలుగో మెట్టు: కలిసింది, ఇంటర్నెట్ మాత్రం లేదు

గంట ఆనందం అనుకున్నాను, అరనిమిషం కూడా లేదు. "కనెక్టెడ్, నో ఇంటర్నెట్" అని వచ్చింది. అరువు లాప్‌టాప్‌తో అసలు చిక్కంతా ఇక్కడే. పాత చోటు అలవాట్లన్నీ మూటగట్టుకుని ఆ యంత్రం మనింటికి వస్తుంది.

స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీవీ4 అడ్రసు, డిఫాల్ట్ గేట్‌వే అని రెండు వరసలు కనిపిస్తాయి. మీ ఫోన్లో వైఫై వివరాలు తెరిచి, దాని ఐపీ అడ్రసుతో, రూటర్ అడ్రసుతో వీటిని పోల్చండి.

లాప్‌టాప్ అడ్రసు 169.254 తో మొదలైతే రూటర్ నుంచి నంబరు అందలేదని అర్థం. దొరక్కపోయేసరికి విండోస్ తనకి తానే ఒక నంబరు పెట్టుకుంది. వైఫై ఆపి మళ్ళీ కలపండి. లేదా అదే కిటికీలో ఐపీకాన్ఫిగ్ తరవాత స్లాష్ రిలీజ్, ఆ తరవాత మళ్ళీ ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ అని కొట్టండి.

నంబరు మామూలుగానే ఉండి, ఫోను నంబరుతో పొంతన లేకపోతే అది ఎవరో చేత్తో రాసిపెట్టిన నంబరు. నా విషయంలో జరిగింది ఇదే. మా ఇంట్లో గేట్‌వే 192.168.0.1. లాప్‌టాప్ మాత్రం తన అడ్రసు 192.168.1.50 అనీ, తన గేట్‌వే 192.168.1.1 అనీ మంకుపట్టు పట్టుకుని కూర్చుంది. దుకాణంలో ప్రింటర్ కోసమో, లెక్కల సాఫ్ట్‌వేరు కోసమో ఎవరో ఆ నంబర్లు శాశ్వతంగా పెట్టేశారు. ఇల్లు మారినా పాత ఇంటి గేటు దగ్గరే ఉత్తరాలు ఇస్తున్నట్టు ఉంది దాని పని. మా ఇంట్లో ఆ నంబరు గేటే లేదు.

దీన్ని సరిచెయ్యడానికి కంట్రోల్ పానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్‌కి వెళ్ళండి. వైఫై గుర్తు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. అందులో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 ని ఎంచుకుని మళ్ళీ ప్రాపర్టీస్. అక్కడ ఐపీ అడ్రసునీ, డీఎన్‌ఎస్‌నీ రెండింటినీ "ఆటోమేటిక్‌గా తీసుకో" అన్నదానికి మార్చండి. మార్చే ముందు ఆ నంబర్లని ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. లాప్‌టాప్ మనది కాదు. తిరిగిచ్చేటప్పుడు ఆ నంబర్లు వాళ్ళకి కావాలేమో.

అడ్రసు సరిగానే ఉన్నా నెట్ రాకపోతే, పింగ్ కమాండుతో ఒక్కొక్క అంచే తట్టి చూడండి. ముందు పింగ్ అని కొట్టి మీ గేట్‌వే నంబరు ఇవ్వండి. జవాబు వస్తే రూటర్ దాకా దారి బాగుంది. తరవాత పింగ్ 8.8.8.8. ఇది గూగుల్ వాళ్ళ డీఎన్‌ఎస్ సర్వర్. దీని నుంచి జవాబొస్తే ఇంటి బయటికి దారి ఉన్నట్టే. ఆ తరవాత ఏదైనా తెలిసిన సైటు పేరు ఇవ్వండి. నంబరుకి జవాబొచ్చి, "ఈ పేరుగలది దొరకలేదు" అని వస్తే తప్పు డీఎన్‌ఎస్‌ది. పైన చెప్పిన చోటే పాత ఆఫీసు డీఎన్‌ఎస్ నంబరు మిగిలిపోయి ఉంటుంది.

పింగ్ అంతా బాగుండి, బ్రౌజర్‌లో మాత్రం ఏమీ రాకపోతే ప్రాక్సీ చూడండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, దాని కింద ప్రాక్సీ. పాత ఆఫీసు ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపండి. పాత వీపీఎన్ ఏదైనా తనంతట తానే మొదలవుతోందేమో కూడా చూడండి. గడువు తీరిన యాంటీవైరస్ అడ్డుపడటమూ ఉంది. దాన్ని తీసేసేముందు మాత్రం యజమానిని అడగండి.

ఇంకో మాట. విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ అని ఒక బటన్ ఉంటుంది. సొంత యంత్రమైతే చివరి అస్త్రంగా వాడొచ్చు. ఎదుటివాళ్ళ యంత్రంలో అయితే వాళ్ళ వీపీఎన్ వగైరా సెట్టింగులు పోతాయి. అడక్కుండా నొక్కొద్దు. అలాగే బయోస్‌లోకి వెళ్ళి ఏదీ మార్చకండి. కొన్ని మార్పులకి బిట్‌లాకర్ మేలుకుని 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడుందో యజమానికే గుర్తుండకపోవచ్చు.

అయిదో మెట్టు: నెట్ వచ్చింది, సైట్లన్నీ ప్రమాదం అంటున్నాయి

రాత్రి ఒంటిగంట దాటాక నాకు తగిలిన మూడో ముడి ఇది. ఏ సైటు తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేటు కాదు" అని హెచ్చరిక. వైరస్ ఉందేమోనని గుండె గుభేలుమంది. అరగంట తరవాత కుడివైపు మూల గడియారం మీద కన్ను పడింది. తారీకు కొన్నేళ్ళ వెనక ఉంది!

లాప్‌టాప్ లోపల గడియారాన్ని నడపడానికి నాణెం లాంటి చిన్న బాటరీ ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి అలమరలో పడి ఉంటే అది అయిపోయి, తారీకు ఎక్కడికో వెనక్కి వెళ్ళిపోతుంది. సైట్లు చూపించే సర్టిఫికెట్లకి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది. లాప్‌టాప్ తారీకు తప్పైతే దాని లెక్కలో ఏ సర్టిఫికెట్టూ చెల్లదు. తారీకు, సమయం, టైమ్ జోన్ మూడూ సరిచెయ్యగానే అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. బాటరీ మార్చేదాకా చార్జర్ పీకి ఆపినప్పుడల్లా తారీకు చూసుకోవాలి.

తారీకు సరిగా ఉండి కూడా ఈ హెచ్చరిక వస్తుంటే మాత్రం దాటుకుని ముందుకి వెళ్ళకండి. పాస్‌వర్డులు అసలే కొట్టకండి.

తీగ ఉండగా గాలి ఎందుకు?

పాత లాప్‌టాప్‌లకున్న అదృష్టం ఏమిటంటే, చాలావాటికి తీగ పెట్టే రంధ్రం ఉంటుంది. ఈ కాలం పల్చటి లాప్‌టాప్‌లకి అది ఉండదు. ఈథర్నెట్ తీగ ఒకటి రూటర్ నుంచి లాగి పెడితే బాండ్లు, డబ్ల్యూపీఏ3, పాస్‌వర్డు అన్న మొదటి చిక్కులన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. ఇంటర్వ్యూకి వైఫై కన్నా తీగే నమ్మకం. అయితే చేత్తో రాసిన ఐపీ అడ్రసులు తీగకి విడిగా ఉంటాయి కాబట్టి నాలుగో మెట్టు దానికీ ఒకసారి చూడాలి.

తీగని రూటర్‌కే పెట్టండి, నేరుగా మోడెమ్‌కి పెట్టకండి. మోడెమ్‌కి పెడితే రూటర్ ఇచ్చే రక్షణ లేకుండా లాప్‌టాప్ నేరుగా బయటి ప్రపంచానికి ఎదురుపడుతుంది. పైగా చాలా కేబుల్ మోడెమ్‌లు మొదట కలిసిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి. పరికరం మారిస్తే మోడెమ్‌ని ఆపి మళ్ళీ పెట్టేదాకా నెట్ ఇవ్వవు.

అసలు వైఫై కార్డే చెడిపోయి, తీగా లేకపోతే ఫోనుంది. ఆండ్రాయిడ్ ఫోన్ని యూఎస్‌బీ తీగతో కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే లాప్‌టాప్ దాన్ని తీగ కనెక్షన్ లాగే చూస్తుంది. ఇంటర్వ్యూ ఉన్నప్పుడు మొత్తానికి మొత్తంగా ఇంటి నెట్ పోయినా ఫోన్ హాట్‌స్పాట్ చేతిలో సిద్ధంగా ఉండాలి. ముందురోజే ఒకసారి కలిపి చూసుకోండి.

కలిపిన వెంటనే ఒక జాగ్రత్త

ఏళ్ళ తరవాత నెట్ చూసిన విండోస్ ఆకలితో ఉంటుంది. కలిసిన మరుక్షణం అప్‌డేట్లు దింపడం మొదలుపెడుతుంది. వేగమంతా అదే తినేస్తుంది. అంతటితో ఆగక, సరిగ్గా ఇంటర్వ్యూ మధ్యలో రీస్టార్ట్ అడుగుతుంది. టైము ఉంటే రాత్రికి రాత్రే అప్‌డేట్లు పూర్తి చెయ్యండి, భద్రతకి అదే మంచిది. టైము లేకపోతే అప్‌డేట్ సెట్టింగుల్లో పాజ్ నొక్కి, వైఫై వివరాల్లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేసి, ఇంటర్వ్యూ అవ్వగానే రెండూ తీసెయ్యండి.

కెమెరా, మైకు కూడా అప్పుడే చూసుకోండి. బ్రౌజర్‌కి అనుమతి ఇచ్చారా, పాత కెమెరా మీద ఎవరైనా కాగితం ముక్క అంటించారా అని. నవ్వకండి, మా అన్నయ్య లాప్‌టాప్‌కి అంటించి ఉంది.

మన ఇంటిని కాపాడుకోవడం

ఆ యంత్రంలో ఏముందో మనకి తెలియదు, ఇచ్చినవాళ్ళకీ తెలియకపోవచ్చు. అందుకే దాన్ని ఇంట్లో అన్నీ ఉన్న అసలు వైఫైకి కాకుండా, గెస్ట్ నెట్‌వర్క్‌కి కలపండి. ఇప్పటి రూటర్లన్నింటిలో దాదాపుగా ఈ సదుపాయం ఉంటుంది. గెస్ట్‌లో ఉన్న యంత్రానికి ఇంటర్నెట్ దొరుకుతుంది గానీ, ఇంట్లోని మిగతా కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు, కెమెరాలు కనపడవు. ఇంకో లాభం, గెస్ట్ పాస్‌వర్డ్ వేరు కాబట్టి అసలు పాస్‌వర్డ్ ఆ యంత్రంలోకి వెళ్ళదు. లాప్‌టాప్‌లో దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌ని అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవాళ్ళు ఎవరైనా చూడగలరన్న సంగతి చాలామందికి తెలియదు.

ఉద్యోగం వెతికే రోజుల్లో మనం దింపేవి మామూలు కాగితాలు కావు. పాస్‌పోర్టు, ఐ-797, పే స్టబ్బులు, సోషల్ సెక్యూరిటీ నంబరున్న ఫారాలు. రిక్రూటర్ అడిగిన ప్రతిసారీ ఒకటి డౌన్‌లోడ్స్‌లో పడుతుంది. వాటిని ఆ యంత్రంలో పెట్టకండి. ఒక యూఎస్‌బీ డ్రైవ్ కొనుక్కుని దాంట్లోనే ఉంచండి, లేదా ఫోన్ నుంచే పంపండి. బ్రౌజర్ "పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనా?" అంటే వద్దనండి. బ్రౌజర్‌లోకే సైన్ ఇన్ అయిపోతే మీ పాస్‌వర్డులు, చరిత్ర అంతా ఆ యంత్రంలోకి దిగుతాయి. మెయిలుకి సైన్ ఇన్ అయ్యేటప్పుడు "సింక్ చెయ్యాలా?" అంటే దానికీ వద్దనే చెప్పండి.

తిరిగిచ్చేటప్పుడు

పక్కింటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ అంటుంది. లాప్‌టాప్ మాత్రం ఖాళీగానే తిరిగివ్వాలి.

అన్ని సైట్లలోంచి సైన్ అవుట్ అవ్వండి. తరవాత మీ ఫోన్ నుంచి మెయిల్ అకౌంట్ భద్రతా పేజీకి వెళ్ళి, మీ పరికరాల జాబితాలో ఆ లాప్‌టాప్ ఇంకా ఉందేమో చూసి తీసెయ్యండి. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, రీసైకిల్ బిన్ మూడూ ఖాళీ చెయ్యండి. వైఫై జాబితాలో మీ ఇంటి పేరు మీద ఫర్గెట్ నొక్కండి. మీరు పెట్టిన సాఫ్ట్‌వేరు తీసెయ్యండి. మీ కోసం తెరిచిన యూజర్ అకౌంట్‌ని ఫైళ్ళతో సహా యజమాని చేత తీయించండి. రూటర్లో గెస్ట్ పాస్‌వర్డ్ మార్చండి. మీరు మార్చిన నెట్‌వర్క్ నంబర్ల ఫోటో వాళ్ళకి పంపి, పాతవి మళ్ళీ పెట్టాలా అని అడగండి.

క్లుప్తంగా

మొబైల్ డేటా ఆపి ఫోన్‌తో పరీక్ష. పేరు కనపడకపోతే బాండ్ చూడాలి. కలవకపోతే పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ3. నెట్ లేకపోతే ఐపీ అడ్రసు, గేట్‌వే, డీఎన్‌ఎస్, ప్రాక్సీ, ఈ వరసలో. సైట్లు ప్రమాదమంటే తారీకు. ఏదీ కుదరకపోతే తీగ, అదీ లేకపోతే ఫోను. ఈ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసి మా రూటర్ పక్కన అంటించాను.

ఆ మర్నాటి ఇంటర్వ్యూ మధ్యలో ఆగకుండా జరిగింది. ఆ ఉద్యోగం రాలేదు. కానీ అదే లాప్‌టాప్ మీద ఇంకో పదకొండు ఇంటర్వ్యూలు ఇచ్చాను. 49వ రోజున ఒక కంపెనీ నా తరఫున పిటిషన్ వేసింది. ఆ రోజు గాని మా నాన్నకి గుంటూరు ఫోన్ చేసి జరిగింది చెప్పలేదు.

లాప్‌టాప్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు లోపల అంతా తుడిచి, చార్జర్ చుట్టి, గడియారం బాటరీ కొత్తది వేయించి తీసుకెళ్ళాను. మా ఆవిడ పైన ఒక డబ్బా సున్నుండలు పెట్టింది. అన్నయ్య డబ్బా తీసుకుని, "లాప్‌టాప్ నీ దగ్గరే ఉంచు, మళ్ళీ ఎవరికైనా అవసరం పడుతుంది" అన్నారు. ఇప్పుడది మా అలమరలో ఉంది. మూడు నెలలకోసారి తీసి, చార్జ్ చేసి, తారీకు చూసి పెడుతున్నాను. ఇప్పటికి రెండిళ్ళకి వెళ్ళొచ్చింది.